ఇసుకపూడి ఏడో వింత

నీలకంధర పర్వతం మీద వెండిదారంలా పుట్టి, చందనవనాల నీడన చల్లబడి, గండశిలలను ఒరుసుకుంటూ జలపాతాలై గర్జించి, హంసలకూ చక్రవాకాలకూ ఆటపట్టై, రాజుల పట్టాభిషేకాలకు కలశజలమై, కవులు పొగిడి పొగిడి అలసిపోయిన శంఖినీ మహానది ఇసుకపూడి దగ్గరకు వచ్చేసరికి మొహం తిప్పుకుంటుంది. ఊరివైపు ఇంత బురదా, ఇంత నాచూ, కుళ్ళిన అరటిదొప్పలూ విదిలించి, ఊరి చివర రాతిగట్టు కింద ఒక్క సుడిగుండం మాత్రం తిప్పి, గబగబా దాటిపోతుంది. నదిని తప్పుపట్టలేం. ఆ ఊరిని ఒకసారి చూసిన వాళ్ళెవరైనా అదే పని చేస్తారు.

ఊరివాళ్ళు మాత్రం దాన్ని ఇసుకపూడి అనరు. భువనమోహన మహాపట్టణం అంటారు. మహాపట్టణమట, వాళ్ళ మొహం! ఉన్నవి నాలుగు వీధులు. వాటిలో రెండు సగం దూరం వెళ్ళి, ఎటు పోవాలో తోచక ఆగిపోయాయి. కోట లేదు గాని కోటగుమ్మం ఉంది. గుమ్మానికి తలుపులు లేవు గాని తాళం ఉంది, దానికి రోజూ నూనె రాస్తారు. ఇది ఏ రాజ్యంలోదని అడిగితే ఉత్తరాన రత్నకూటం రాజు అది దక్షిణాదివాళ్ళదంటాడు. దక్షిణాన మాల్యవంతం రాజు తాతల కాలంలోనే దాన్ని వదిలేసుకున్నామంటాడు. ఊరు కావాలని రాజులు కొట్టుకోవడం లోకంలో ఉన్నదే. నాకొద్దంటే నాకొద్దని కొట్టుకున్నది మాత్రం ఈ ఊరి గురించే.

అటువంటి ఊరి రేవులో ఒక మిట్టమధ్యాహ్నం ఒక గాజుల సెట్టి పడవ దిగాడు. భుజాన గాజుల సరాలు చుట్టిన మలారం మూట, నెత్తిన ఎర్ర తలపాగా, చేతిలో పొన్నుకర్ర. వేషం బాగానే కుదిరింది. కుదరనిది నడక. గాజులమ్మేవాడు నాలుగు గడపల ముందు వంగి నడుస్తాడు. ఇతగాడు రేవుమెట్లు తన పాదం కిందికి వచ్చినందుకు అవే ధన్యమైనట్టు నడుస్తున్నాడు. ఇతను రత్నకూటం చిన్న యువరాజు మణికేతుడు. పొన్నుకర్ర లోపల గుప్తి అనే సన్నకత్తి దాగి ఉంది. నోట్లో అంతకంటే పదునైనది ఉంది. వంటవాడి నుంచి మహామంత్రి దాకా ఆ నాలుక దెబ్బ తినని వాడు రత్నకూటంలో లేడు. ఎన్ని మాటలన్నా నవ్వి ఊరుకునేవాడు ఒక్కడే ఉండేవాడు, అన్న అజితసేనుడు.

ఆ అన్న ఏడాది క్రితం వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. క్షుద్రహోమం చేస్తున్న ఉలూకజటి అనే మాంత్రికుడి హోమగుండాన్ని కాలితో తన్నినందుకు వాడు అతన్ని శిలగా మార్చాడు. ఆ సంగతి మణికేతుడికి నిన్ననే తెలిసింది. కొండగుహలోని యోగిని లక్కమూత వేసిన చిన్న వెదురు గొట్టం అతని చేతిలో పెట్టి, "ఇందులో అమృతవల్లి రసం ఉంది నాయనా. మీ అన్న శంఖిని ఒడ్డున ఇసుకపూడిలో రాయై నిలబడి ఉన్నాడు. ఇది అతని గుండె మీద పొయ్యి. రేపటితో ఏడాది నిండుతుంది. రేపు పొద్దు మునిగేలోగా పొయ్యకపోతే అది ఇక రాయే. మాంత్రికుడి కళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్నాయి, రాజువేషంలో వెళ్ళకు" అని చెప్పింది. ఆ గొట్టం ఇప్పుడు మలారంలో గాజుల మధ్య ఉంది. పొద్దు నడినెత్తిన ఉంది.

రేవుమెట్లు ఎక్కాడో లేదో, తాటాకు గొడుగు ఒకటి అడ్డం వచ్చింది. గొడుగు కింద బొద్దుగా, కళకళలాడుతూ ఒక పెద్దావిడ ఉంది. చేతిలో సన్నని బెత్తం. ఊరికి వచ్చినవాళ్ళకు వింతలు చూపించడం ఆమె ఇంటి వృత్తి, అందుకే అందరూ వింతల కోటమ్మ అంటారు.

"ఆగండాగండి సెట్టిగారూ! ఎక్కడికండీ అలా తోసుకుంటూ?"

"గాజులమ్ముకోవడానికి. దారి వదులు."

"అమ్ముకుందురు గాని. ముందు ఊరు చూడాలి కదండీ!" అంటూనే ఆమె అతని ముంజేతికి ఎర్ర నూలుతాడు చుట్టి, ఏడు ముళ్ళు వేసేసింది. ఆ వేగానికి గుప్తి తిప్పే మణికేతుడు కూడా నోరు వెళ్ళబెట్టాడు.

ఇది ఆ ఊరి ఆచారం. కొత్తవాడు ఎవడొచ్చినా ఏడు వింతలూ వరసగా చూడాలి. ఒక్కొక్క వింత దగ్గర నోరారా 'ఆహా' అనాలి. అన్నాక కోటమ్మ ఒక ముడి విప్పుతుంది. తాడు మీద ముడి ఉన్నవాడికి ఊళ్ళో ఎవరూ మంచినీళ్ళు కూడా ఇవ్వరు, సందుల్లోకి పోనివ్వరు, పడవ ఎక్కనివ్వరు. లోకంలో మిగతా ఊళ్ళు చూడదగ్గవి కట్టి జనం కోసం ఎదురుచూస్తాయి. ఇసుకపూడి జనాన్ని పట్టుకుని కట్టేసి చూపిస్తుంది.

"మీ వింతల్లో రాతి వీరుడి బొమ్మ ఏదైనా ఉందా? నిలువెత్తు ఉంటుంది. చేతిలో కత్తి ఉంటుంది" అని మణికేతుడు అడిగాడు.

"వీరుడా? అబ్బే, లేడండి. ఏనుగుంది."

"అయితే నాకు నీ వింతలు అక్కర్లేదు" అని అతను పక్కసందులోకి తిరిగాడు. అంతే, ఎక్కడి నుంచి వచ్చారో, పడవగెడలు పట్టుకున్న మోటు మనుషులు సందుకు అడ్డంగా నిలబడ్డారు. ఒకడి గెడ కొస అతని గొంతు మీదికి వచ్చింది. గుప్తి దూస్తే అందర్నీ పడుకోబెట్టగలడు. కాని మాంత్రికుడికి కబురు అందుతుంది. మణికేతుడు పళ్ళు కొరుకుతూ కోటమ్మ గొడుగు వెనక నడిచాడు.

మొదటిది పలికే బావి. "మీరేమంటే అదే అంటుందండి, దేవతలు తవ్వించింది" అంది కోటమ్మ. మణికేతుడు వంగి "ఓయ్!" అన్నాడు. లోపలి నుంచి "ఓయ్!" అని వచ్చింది. ఆ వెనకే "హాచ్చి!" అని కూడా వచ్చింది.

"నేను తుమ్మలేదే!"

"నిన్న వానలో తడిసిందండి బావి. పడిశం పట్టింది" అంది కోటమ్మ, కళ్ళు కూడా ఆర్పకుండా. పక్కనున్న తడిక వెనక ఎవడిదో పిలకముడి కదిలింది. ఆ పిలకనూ బావినీ కలిపి నాలుగు మాటలు అందామని మణికేతుడి నాలుక దురద పెట్టింది. పొద్దు చూసి, మింగేసి, "ఆహా" అన్నాడు. ఒక ముడి విప్పారు.

రెండోది రాతి ఏనుగు. తొండం లేదు. రాయి చాలక శిల్పి అక్కడితో ఆపేశాడని చూసిన ఎవడికైనా తెలుస్తుంది. "తొండం నోట్లో పెట్టుకుందండి, సిగ్గుపడి" అని కోటమ్మ వివరణ. ఏ వైపు నుంచి చూసినా అది బాగా బలిసిన గేదె. మూడోది రాణీగారు స్నానం చెయ్యబోయిన రేవు. చేసిన రేవు కాదు, చెయ్యబోయిన రేవు! మాల్యవంతం రాణి ఎవరో మేనా దిగి, నీళ్ళవైపు చూసి, మళ్ళీ మేనా ఎక్కేసిందట. ఆమె వెనక్కి తిరిగిన చోట పలక వేసి, పసుపు రాసి, పువ్వులు పెట్టారు. ఆ రాణికున్న బుద్ధి నాకు లేకపోయిందే అనుకుంటూ మణికేతుడు "ఆహా" అన్నాడు.

మధ్యలో ఊరి అరిసె పెట్టారు. కొరకగానే పంటి కింద కరకరమంది.

"ఇసుక!" అని ఉమ్మేశాడు.

"అయ్యో, మింగాలండి! ఇసుక లేకపోతే అది ఇసుకపూడి అరిసె ఎలా అవుద్ది?"

అంత భువనమోహన మహాపట్టణమూ అరిసె దగ్గరికి వచ్చేసరికి ఇసుకపూడి అయిపోయింది. నాలుగోదీ అయిదోదీ ఏమిటో చెప్పి మిమ్మల్ని కష్టపెట్టను. ఒకటి చింతచెట్టు. రెండోది ఆ చెట్టు నీడ.

ఆరో వింత మొసళ్ళ మడుగు. పాడుబడ్డ కోనేరులో పచ్చటి నీళ్ళు, నీళ్ళలో ఒక దుంగ. పొద్దు పడమరకు వాలింది. ఊరంతా తిరిగినా రాతి వీరుడి జాడ లేదు. మణికేతుడి ఓపిక చచ్చింది.

"ఇది మొసలా? కట్టెలవాడు కూడా ఎత్తుకోని పుచ్చుదుంగ. దీనికో గోడ, గోడకో సున్నం!" అంటూ మలారం కొస జాడించి ఆ దుంగ మీద కొట్టాడు.

దుంగకు కళ్ళు వచ్చాయి. నోరు వచ్చింది. టపామని మలారం పట్టుకుని నీళ్ళలోకి లాక్కుపోయింది!

మలారంలో వెదురు గొట్టం! మణికేతుడు గోడమీద నుంచి తిన్నగా మడుగులోకి దూకాడు. పచ్చనీళ్ళు నోట్లో నిండాయి. తోక ఒక్క విసురు విసిరితే గోడకు వెళ్ళి గుద్దుకున్నాడు. మళ్ళీ దూకాడు. మొసలి మెడ మీద కూర్చుని, పొన్నుకర్రను అడ్డంగా దాని దవడల మధ్య దూర్చి, బలమంతా పెట్టి తిప్పాడు. గాజులు పటపటా పగిలాయి. నీరంతా ఎరుపూ పచ్చా నీలమూ అయి మిలమిల్లాడింది. దవడ సడలింది. చెయ్యి మోచేతి దాకా ఆ నోట్లో పెట్టి తడిమాడు. గాజుముక్కలు గీసుకున్నాయి గాని, వెదురు గొట్టం లక్కమూతతో సహా దొరికింది. దాన్ని నడుములో దోపుకుని, పొన్నుకర్ర లాక్కుని, మొసలి ముట్టె మీద ఒక్క తన్ను తన్ని గట్టెక్కాడు.

గట్టు మీద జనం చప్పట్లు కొడుతున్నారు. కోటమ్మ మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"రాజమ్మనండీ తన్నేది! పళ్ళూడిపోయిన ముసలిదండీ అది, మా అత్తగారి కాలం నాటిది! మీకు చేతులెలా వచ్చాయండీ!"

"నా మీద పడింది అది!"

"మీరు కొడితేనే కదండీ పడింది. చూడ్డానికొచ్చినోళ్ళు చూడాలి గాని..." అంటూ ఆమె ముడి విప్పింది. ఒక ముసలి మొసలి కోసం ఏడ్చే మనిషిని మణికేతుడు అంతవరకు చూడలేదు. చూసినా పెద్దగా లెక్కచేయలేదు.

ఇక మిగిలింది ఏడో వింత. అది ఊరి చివర రాతిగట్టు మీద, ఎత్తైన ప్రహరీ లోపల ఉంది. ఒక్క ముడి మిగిలినవాడికే ఆ తలుపు తీస్తారు. లోపల గట్టు అంచున, సుడిగుండం మీదికి ఒరిగినట్టు ఒక అరుగు ఉంది. అరుగు మీద ఏదో తెల్లగా నిలబడి ఉంది. ఎదురుగా ఎత్తుపీట మీద ఊరిపెద్ద కూర్చున్నాడు. గుండ్రటి మొహం, గుండ్రటి కళ్ళు, పెద్ద తలపాగా. రెప్ప వెయ్యడు. చుట్టూ జనం అరటిపళ్ళు తింటూ కాచుకుని ఉన్నారు.

మణికేతుడు ఆశగా చుట్టూ చూశాడు. రాతి వీరుడు లేడు. ఉన్నది ఒక్క విగ్రహం. దానికి సున్నమూ బెల్లమూ కలిపి అతికిన నాలుగు చేతులు, కుండలాంటి పొట్ట, చెవులకు తాటంకాలు, బుగ్గల మీద ఎర్రరంగు. కొట్టిన సున్నం మీద మళ్ళీ సున్నం కొట్టి మొహం ఉండ్రాయిలా తయారైంది. 'నదీరాజు' అట. పగలంతా పోయింది. పొద్దు అవతలి గట్టు తాటితోపును తాకబోతోంది. అన్న ఎక్కడున్నాడో తెలియదు.

"చెప్పు, ఆహా అని పోతాను" అన్నాడు నీరసంగా.

"దీనికి ఆహా కాదండి. దీన్ని తిట్టాలి" అంది కోటమ్మ.

"తిట్టాలా?"

"ఆయ్. ఎంత తిడితే అంత ఏడుస్తాడండి ఈయన. రాయి ఏడవడం ఎక్కడైనా చూశారా? పోయినేడు పెద్దాయనే ఎక్కణ్ణించో తెచ్చి పెట్టించారు. అప్పట్నించి వచ్చినోళ్ళందరిచేతా తిట్టిస్తున్నాం. పొద్దున పెళ్ళివారొచ్చి పిల్లాజెల్లా తిట్టారు గాని, ఒక్క చుక్కే రాలింది. వాళ్ళకి తిట్టడం రాదు పాపం."

"నాకు వచ్చు" అన్నాడు మణికేతుడు.

పడవ దిగినప్పటి నుంచి మింగిన మాటలన్నీ గొంతులోకి ఎగదన్నాయి. అరుగు ముందు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

"ఓరి సున్నపుముద్దా! నిన్ను చేసినవాడికి చెయ్యి లేదా, చేయించినవాడికి కన్ను లేదా? నాలుగు చేతులెందుకురా నీకు, మొహం మీద ఈగను తోలుకోలేనివాడికి? నిన్ను చేలో పెడితే కాకులు భయపడవు, జాలిపడి గింజలు తెచ్చిపెడతాయి. పోరా పో! నిన్ను తెచ్చి ఈ దిక్కుమాలిన ఊళ్ళో పడేస్తే ఏడాదిగా అడిగిన నాథుడు లేడు. నీకు తల్లి ఉంటే ఎప్పుడో మరిచిపోయి ఉంటుంది. తోడబుట్టినవాడుంటే సిగ్గుతో పేరు మార్చుకుని ఉంటాడు. నీకోసం ఎవడూ రాడు. వచ్చినా నిన్ను చూసి, థూ అని వెళ్ళిపోతాడు!"

విగ్రహం కళ్ళ నుంచి నీళ్ళు ఉబికాయి. చుక్కలు కాదు, ధారలు! "అబ్బ! ఏం తిట్టాడ్రా!" అని ఎవడో ఈల వేశాడు. ఊరిపెద్ద పీట మీద ముందుకు వంగి, సంతోషంతో చేతులు రుద్దుకున్నాడు.

ధారలు బుగ్గల మీద రంగును కడిగేశాయి. దాని కింది సున్నాన్ని కడిగేశాయి. పెచ్చు ఒకటి ఊడి కింద పడింది. ఎడమ కంటి కింద నల్లరాతి మీద చిన్న గుంట కనిపించింది.

మణికేతుడు దగ్గరికి వంగి చూశాడు. ఆ గుంట బొంగరం మేకు దిగిన గుంట. చిన్నప్పుడు ఆటలో ఓడిపోయి, కసికొద్దీ అన్న మొహం మీదికి బొంగరం విసిరింది తనే. మెట్ల మీద పడ్డానని అమ్మతో చెప్పింది అన్న. కళ్ళు నెత్తికెక్కిన వెధవకు ఎదురుగా ఉన్న సొంత అన్న కనబడడానికి అన్నను అంత ఏడిపించవలసి వచ్చింది!

"అన్నయ్యా!"

ఒక్క గెంతులో అరుగెక్కాడు. గుప్తి పిడితో విగ్రహం రొమ్ము మీద దబదబా బాదాడు. సున్నం పెళ్ళలు ఎగిరాయి.

"మా నదీరాజుని పగలగొడుతున్నాడ్రోయ్! పట్టుకోండి!"

గెడలు లేచాయి. ఒకటి వీపు మీద పడింది, ఒకటి భుజం మీద పడింది. మణికేతుడు వెనక్కి తిరక్కుండానే గుప్తి ఝళిపిస్తే గెడల కొసలు తెగి సుడిగుండంలో పడ్డాయి. చెక్కుతున్నాడు, తన్నులు తింటున్నాడు, మళ్ళీ చెక్కుతున్నాడు. తాటితోపు వెనక పొద్దు సగానికి దిగింది. ఆఖరి పెచ్చు ఊడి నల్లటి రొమ్ము బయటపడింది. లక్కమూత పళ్ళతో పీకి, రసమంతా గుండె మీద కుమ్మరించాడు.

రాయి వెచ్చబడింది. నలుపు గోధుమరంగైంది. మెడ నరం కొట్టుకుంది. అతికిన చేతులు నాలుగూ పగిలి రాలాయి, లోపలి నుంచి నిజమైన చేతులు రెండూ విచ్చుకున్నాయి. కుండపొట్ట ఊడిపోయింది. రెప్పలు కొట్టుకున్నాయి. అజితసేనుడు దీర్ఘంగా ఊపిరి పీల్చాడు. ప్రాణం నడుము దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. తొడలూ కాళ్ళూ పాదాలూ అరుగులో పాతుకున్న నల్లరాయిగానే ఉండిపోయాయి.

పీట మీద నుంచి నవ్వు వినిపించింది. ఊరిపెద్ద తలపాగా తీసేశాడు. గుడ్లగూబ రెక్కల్లా రెండు జడలు లేచాయి. ఉలూకజటి!

"నీకోసమే ఈ వింత పెట్టించాను రాజకుమారా! ఊళ్ళోవాళ్ళ తిట్లు పైపైన ఉంటాయి, రసం పోస్తే పోతాయి. తోడబుట్టినవాడి తిట్టు ఎముకలో దిగుతుంది. మీ వంశంలో నీ నోటి సంగతి నేను వినే ఉన్నాను. ఏడాదిపాటు ఈ ఊరి అరిసెలు తిన్నానురా, నువ్వొచ్చి ఆ నాలుగు ముక్కలు అంటావని!"

ఇంత జరిగితే ఆ జనం ఏం చేశారనుకుంటున్నారు? పారిపోయారా? శరణన్నారా? "మాట్లాడుతాడు చూడండ్రా! నదీరాజుకి ప్రాణమొచ్చింది! తలుపులు ముయ్యండి, పోనివ్వకండి! ఇంకనించి పై ఊళ్ళోళ్ళు బారులు తీరతారు!" అని గెంతులేశారు. ఛీ! ఆ జాతిని ఏమనాలో మణికేతుడికే మాట దొరకలేదు.

కోటమ్మ ఒక్కతే గెంతలేదు. గొడుగు కింద పడేసి నిలబడిపోయింది. "మనిషున్నాడా అందులో? ఏడాదిగా నేను మనిషినా తిట్టించింది?" అంటోంది. ఆమె మాట ఎవరూ వినడం లేదు.

అరుగు మీద అన్న తమ్ముడి తల మీద చెయ్యి వేశాడు. ఏడాదిగా వాడని గొంతు బొంగురుగా వచ్చింది.

"మణీ! ఒక్క మాటకే గుర్తుపట్టాను రా. అంత శ్రద్ధగా తిట్టేవాడు మన ఇంట్లో నువ్వొక్కడివే."

"చంపెయ్యి అన్నయ్యా నన్ను. ఏమన్నానో విన్నావుగా! నీకోసం ఎవడూ రాడన్నాను!"

"అంటూనే వచ్చావుగా. నేను ఏడ్చింది తిట్లకు కాదురా పిచ్చివాడా. ఎన్నాళ్ళకో మనింటి గొంతు వినబడింది."

మణికేతుడు చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఏడవడం అదే మొదలు.

ఉలూకజటి చెయ్యి ఎత్తి మంత్రం అందుకున్నాడు. మణికేతుడి కుడిపాదం బొటనవేలు చల్లబడి, మొద్దుబారి, నల్లబడింది. రాయి మడమ దాకా పాకింది. సరిగ్గా అప్పుడు కోటమ్మ బెత్తం గిరగిరా తిరుగుతూ వచ్చి మాంత్రికుడి నోటి మీద పడింది.

"దొంగచచ్చినోడా! నాచేత చేయిస్తావుట్రా ఇంత పాపం!" అంటూ ఆమె పీట మీదికి ఉరికింది. మంత్రం మధ్యలో తెగింది.

"నదిలోకి తొయ్యి నన్ను!" అన్నాడు అజితసేనుడు గబగబా. "పారే నీళ్ళలో వాడి మంత్రం పారదు. వానాకాలం వరద అరుగెక్కినప్పుడు నా కాలివేళ్ళు కదిలాయి, నాకు తెలుసు. తోసేసి, నువ్వు ఆ గోడ దూకి పారిపో."

"రాతికాళ్ళతో మునిగిపోతావు!"

"మునిగితే మునుగుతాను. ఈ ఊళ్ళో నిలబడ్డంకంటే అదే నయం. తొయ్యి!"

మణికేతుడు తలపాగా ఊడదీశాడు. ఒక కొస అన్న నడుముకు, ఒక కొస తన నడుముకు బిగించి, ముడి మీద ముడి వేశాడు. అన్న వద్దంటున్నా వినకుండా, గుప్తిని అరుగు సందులో దూర్చి మీదికి ఎగదన్నాడు. ఉక్కు విరిగింది. రాయి కదిలింది. వెనక మాంత్రికుడు కోటమ్మను విదిలించుకుని మళ్ళీ చెయ్యెత్తాడు. గెడలవాళ్ళు "పోతున్నాడు, పోతున్నాడు, మన నదీరాజు!" అని పరుగెత్తుకొచ్చారు. మణికేతుడు భుజం ఆనించి ఒక్క తోపు తోశాడు. అరుగు గట్టు అంచు నుంచి ఒరిగి, అన్నదమ్ములిద్దరినీ తీసుకుని, ఎత్తు నుంచి సుడిగుండంలో పడింది.

నీళ్ళు నెత్తి మీద కలుసుకున్నాయి. సుడి వాళ్ళను తిప్పి తిప్పి కిందికి లాక్కుపోయింది. పైన ఎర్రగా ఉన్న వెలుగు బూడిదరంగైంది, తరువాత అదీ పోయింది. పొద్దు మునిగింది. మణికేతుడి మడమలో మళ్ళీ చురుకు పుట్టింది గాని, అన్న కాళ్ళు ఇంకా రాళ్ళే. ఆ బరువుకు ఇద్దరూ గుండు దిగినట్టు దిగిపోతున్నారు.

చీకట్లో అన్న చేతులు తమ్ముడి నడుము దగ్గర తలపాగా ముడిని వెతుకుతున్నాయి. ఒక ముడి విప్పాయి. రెండోదాన్ని పట్టుకున్నాయి. మణికేతుడు ఆ చేతులను తోసేశాడు. అవి మళ్ళీ వచ్చాయి. మళ్ళీ తోసేసి, ముడి తన గుప్పిట్లో పెట్టుకుని, రెండో చేత్తో అన్న మెడ చుట్టూ వాటేసుకున్నాడు. ఒరే మొండివాడా, వదలనురా అని గట్టిగా తిట్టబోయి నోరు తెరిచాడు. నోటినిండా నీళ్ళు వచ్చాయి. అతను గుప్పిలి విప్పలేదు.